హ్యాండిల్ ఎత్తు, మనిషి పరువు

సైకిలు కొనాలన్న నా చారిత్రాత్మక నిర్ణయాన్ని మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. నా నడుము నొప్పికి ఎముకల డాక్టరుగారు మాత్రలతో పాటు సైకిలు కూడా రాశారు. నెమ్మదిగా తొక్కమన్నారు. ఈసారి నడుము పట్టేస్తే ఆపరేషనే అని కూడా అన్నారు గానీ, అది చిన్న విషయం.

పెద్ద విషయం ఏమిటంటే, రోడ్డు సైకిళ్ళలో రెండు జాతులున్నాయి. ఎండ్యూరెన్స్ రకానికి హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది. మనిషి మనిషిలా కూర్చుని ఎంత దూరమైనా పోవచ్చు. రేసు రకానికి హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది. పడిపోయిన సూది వెతుక్కుంటున్నట్టు వంగాలి. దానివల్ల వేగం పెరుగుతుందట. ఆఫీసులో సగం పూట కునుకు తీసే నాకు వేగం అత్యవసరం.

"నడుముకి ఏది మంచిదో అది కొనుక్కోండి," అంది మా ఆవిడ. సాంకేతిక పరిజ్ఞానం లేనివాళ్ళు ఇలాగే మాట్లాడతారు.

అందుకే మా పేటలోని ఆదివారం సైకిల్ సంఘాన్ని ఆశ్రయించాను. అధ్యక్షులవారు బీమా ఏజెంటు. టీ గ్లాసు పైకెత్తి ప్రసంగించారు.

"సోదరా, ఎండ్యూరెన్స్ అనేది వయసుకి లొంగిపోయినవాళ్ళ బండి. మనం లొంగం. వంగుతాం."

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు తొడ మీదే కొట్టారు, రెండో చెయ్యి నడుము మీద ఉండటం వల్ల.

రేసుదే కొన్నాను. మొదటి ఆదివారమే సంఘం ఆచారం తెలిసింది. అందరి రేసు సైకిళ్ళకూ హ్యాండిల్ కింద రింగు మీద రింగు వేసి ఎత్తు పెంచి ఉంది. గ్రూపు ఫోటో వేళకు మాత్రం అందరూ పానాలు తీసి హ్యాండిళ్ళు దించుతారు. ఫోటో అయ్యాక మళ్ళీ ఎత్తు పెంచుకుంటారు. తొక్కడం ఆ తరవాత, టైముంటే.

నేనూ దించాను. వంగాను. నవ్వమన్నారు, నవ్వాను. ఆ పైన లేవలేకపోయాను.

నలుగురూ కలిసి నన్ను ఆ భంగిమలోనే ఆస్పత్రికి చేర్చారు. అంత చక్కటి వంపు సంఘంలో ఇంతవరకూ ఎవరికీ రాలేదని అధ్యక్షులవారు దారంతా మెచ్చుకున్నారు.

ఆపరేషన్ ఖాయమైంది. చేసేది ఆ ఎముకల డాక్టరుగారే. చెప్పుకోవడానికి సిగ్గేమిటి, భయంతో ఏడుపొచ్చింది. డాక్టరుగారు నా ఫోనులో ఆ గ్రూపు ఫోటో చూశారు. నర్సు బయటికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"నేనూ ఒకటి కొందామనుకుంటున్నానండీ. రోజంతా నిలబడీ నిలబడీ నా నడుమూ అంతంతమాత్రమే. ఎండ్యూరెన్స్ చాలంటారా? మరీ ముసలాళ్ళ బండి అనుకుంటారేమో."

బోర్లా పడుకున్నవాణ్ణి తల ఎత్తాను. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సంఘం పరువు గుర్తొచ్చింది.

"రేసుదే తీసుకోండి డాక్టరుగారూ. అలవాటైతే మహా సుఖం," అన్నాను.

ఆయన ఈ ఆదివారమే సంఘంలో చేరుతున్నారు. నా ఆపరేషన్ సోమవారం.