బట్టీ వేసిన ధూపం

ఒక పెద్ద అడవిలో, పొగ అంటే పసిబిడ్డలకు తలంటి వేసే సాంబ్రాణి ఒక్కటే అయిన కాలం ఉండేది. తరవాత గుంటనక్క బొగ్గుబట్టీ పెట్టింది. దాని పక్కన ఇంకోటి, ఆ వెనక మరోటి. చూస్తుండగానే మొగలిపూలకు వాసన పోయింది, కోయిల పాటలో దగ్గు చేరింది.

కొండముచ్చు అవ్వ మనవణ్ణి పొట్టకు కరుచుకుని సభకు పోయింది.

"అయ్యా, పిల్లవాడి రొమ్ములో పిల్లికూతలు. ఊపిరందడం లేదు. ఆ పొగ ఆపించండి."

సభాపెద్ద ఎలుగుబంటి తేనెపట్టు నాకుతూ, "పిల్లికూతలైతే పిల్లిని అడగాలి కదవ్వా, మామీద పడతావేం?" అంది.

సభంతా నవ్వింది. అవ్వ కదల్లేదు. పొద్దు వాలినా కదల్లేదు. చివరికి విసుగెత్తి చట్టం చేశారు: అడవిలో పొగ నిషేధం, దేవుడి ధూపం తప్ప.

మర్నాడే నక్క బట్టీ గుమ్మానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి చల్లింది.

"ఇది పొగ కాదు దొరా, ధూపం. లోకం చల్లగా ఉండాలని."

"భక్తికి హద్దులు పెడతామా," అంది ఎలుగు. దాని గుహలో అప్పటికే కొత్త తేనెపట్టు ఉంది.

అవ్వ చలిమంట మీద మాత్రం సభ కాపలా రేచుకుక్కలు వచ్చి నీళ్లు పోశాయి. అందులో సాంబ్రాణి లేదట.

అవ్వ కోప్పడలేదు. అందరూ చూస్తుండగా బట్టీకి దణ్ణం పెట్టింది.

"మా అమ్మమ్మ చెప్పేది నాయనా. ధూపం వేసినవాళ్లూ, వేయించినవాళ్లూ ముందుగా ఎదురుగా కూర్చుని కళ్లకద్దుకోవాలి. ఆ తరవాతే లోకానికి. లేకపోతే దోషం."

"అవునవును," అన్నాయి జంతువులన్నీ. ఏనుగులు బట్టీ పొగగొట్టాన్ని సభాగుహలోకి తిప్పాయి. అంతమంది ముందు కాదనలేక నక్కా, ఎలుగూ లోపల బాసింపట్టు వేసుకుని కూర్చున్నాయి.

"ఎంత భక్తో చూడు, కళ్లవెంట నీళ్లే," అంది కుందేలు.

కాసేపటికి ఎలుగు రొమ్ములో కుయ్యి కుయ్యిమని మొదలైంది.

అవ్వ గుహలోకి తొంగిచూసి మెల్లగా అడిగింది. "అయ్యా, పిల్లిని పిలిపించమంటారా?"

ఆ సాయంత్రమే చట్టం మారింది: బట్టీ ఎవరిదో, పొగగొట్టం వాళ్లింట్లోకే తెరుచుకోవాలి.

"మరి ఎంత పొగ వరకు తప్పులేదు దొరా?" అంది నక్క బిక్కమొహంతో.

"నీకెంత పడితే అంత," అంది ఎలుగు దగ్గుతూ.

నక్క రెండు బట్టీలు ఆర్పేసింది. మూడోది పండగ పూట మాత్రం, అదీ తన ఇంటి తలుపు తీసిపెట్టి, వెలిగిస్తోంది. అవ్వ మనవడు కూత లేకుండా నిద్రపోతున్నాడు.

నీతి: పేదవాడి దగ్గు రోగం, పెద్దవాడి దగ్గు చట్టం.