ఎగిరే ఖటోలాపై ప్రజాభిప్రాయం

ఒత్తులు తప్పితే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట పలక పట్టాను. రాయడం నెమ్మది. అయినా ఈ కథలోని విమానం కంటే ముందే మిమ్మల్ని చేరతాను.

మా ఊరికి రోడ్డు లేదు. అందువల్ల ప్రయాణికుల విమానం ఎలా ఉండాలో మా ఊరినే అడగాలని విమాన నమూనాల సమితి వారు నిర్ణయించారు. కొత్త విమానం నిదానంగా పోయినా ఐదు వందల మందిని మోయాలా, యాభై మందినే ఎక్కించుకుని శబ్దం కంటే ముందు పోవాలా అన్నది ప్రశ్న. ఎన్నడూ విమానం ఎక్కనివారికి పక్షపాతం ఉండదు గదా.

వానాకాలం. సమితి నుంచి ఇద్దరు సాబ్‌లు బయల్దేరారు. సాబ్‌ల ట్రాక్టర్ వాగు అవతలే ఆగింది. అక్కడి నుంచి ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని నులక మంచం మీద మోసుకొచ్చారు. కర్రకు కట్టిన ఆ మంచాన్ని మావాళ్ళు ఖటోలా అంటారు. రోగులు పోయేదీ దాని మీదే. వేగం విభాగం సాబ్ బక్కపలచని మనిషి. ఇద్దరు పరుగున తెచ్చారు. పరిమాణం విభాగం సాబ్‌కు ఆరుగురు పట్టారు, మూడుచోట్ల దించారు. జవాబు అక్కడే తేలిపోయినా, సభ జరపడం నియమం.

వరహాలమ్మ ముందు వరుసలో కూర్చుంది. కోడలు పార్వతికి నెలలు నిండాయి. పొద్దుటి నుంచి నడుం నొప్పి అంటోంది. పరిమాణం సాబ్ గంటసేపు హిందీలో ఉపన్యసించారు. వరహాలమ్మకు అందింది చివరి మాట ఒక్కటే: సర్కారు ఎగిరే ఖటోలా (హిందీలో విమానాన్ని అలాగే అంటారట) ఇస్తుంది, పెద్దది కావాలా, జల్దీ పోయేది కావాలా? తన కోడలి సంగతి సర్కారుకు ఎవరు చెప్పారా అని ఆశ్చర్యపోతూ ఆమె లేచింది.

"జల్దీ పోయేదే కావాలె సాబ్. ఒక్క మనిషి పడితే చాలు. కాని వచ్చేటప్పుడు ఇద్దరొస్తరు. తాడు గట్టిగుండాలె."

మా ఊళ్ళో హిందీ వచ్చిన సోమారు దాన్ని సాబ్‌లకు చెప్పాడు. సాబ్‌లు ముఖాలు చూసుకున్నారు. దారిలో ప్రయాణికులు పెరిగే విమానం ఇంతవరకు ఏ దేశమూ తలపెట్టలేదు. చిన్నది, జల్దీది అంది గనుక గెలుపు తనదేనని వేగం సాబ్ రాసుకున్నారు. ఇద్దరు వస్తారంటే సీట్లు రెండింతలు కావాలి గనుక తనదేనని పరిమాణం సాబ్ రాసుకున్నారు. ఆ వాదం మధ్యలో పార్వతి కేక వినిపించింది.

ఊళ్ళో గట్టి మంచం ఒక్కటే. తనకు సరిపడే కుర్చీ దొరకక పరిమాణం సాబ్ దాని మీదే కూర్చున్నారు.

"ఏంది అత్తా చేసేది," అన్నాడు సోమారు. "సభ కాందే సాబ్ లేవడంట."

వరహాలమ్మ దగ్గరికి వెళ్ళింది. "లెవ్ బిడ్డా. మీ అమ్మగూడ ఒకనాడు ఇట్లనే తొందరపడ్డది."

ఆ తెలుగు సాబ్‌కు అర్థం కాలేదు. ఆమె మంచం ఒక పక్క ఎత్తడం అర్థమైంది.

పార్వతిని నలుగురు మోసి నడుంలోతు వాగు దాటించారు. అవతల సాబ్‌ల ట్రాక్టరే ఆంబులెన్స్ అయింది. ఆసుపత్రి గడపలో ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు, వరహాలమ్మ చెప్పినట్టే, ఇద్దరొచ్చారు. అప్పటిదాకా సాబ్‌లు బడి అరుగు మీద, విమానం ఆలస్యమైన ప్రయాణికుల్లాగే, ఒకరినొకరు తప్పుపట్టుకుంటూ గడిపారు.

నివేదిక ఈమధ్యే అచ్చయింది. అట్ట మీద మా నులక మంచం, రెక్కలతో. రోడ్డు కావాలని ఈ ఊరివాళ్ళెవరూ చెప్పలేదని చివరి పేజీలో ఉంది. నిజమే, అది సాబ్‌లు మమ్మల్ని అడగలేదు. పెద్దదా, వేగమైనదా అన్నది ఇంకా తేలలేదట.

చదువుకున్నవారు, మీరైనా తేల్చండి. తొందరేమీ లేదు. పార్వతికి మళ్ళీ ఇప్పుడు ఐదో నెలే.

— బుల్లమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఆవపల్లిలో, కూతురి దగ్గర.