రెండు డాలర్ల నోటు మీద ప్రూయిట్ మొహం

ఆ ఉదయం జోథమ్ ప్రూయిట్ మొక్కజొన్న రొట్టెకు వెన్న రాసుకుంటూ, తన మొహాన్ని నోటు మీద వేయించుకోవడానికి సిన్సినాటి వెళ్తున్నానని భార్య కెజయాకు చెప్పాడు. ఒహాయోలో ఏ బ్యాంకు నోటు ఆ బ్యాంకే అచ్చు వేయించుకునే రోజులవి. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బ్యాంకు అతనిది. ఇన్నాళ్లూ దాని రెండు డాలర్ల నోటు మీద గోధుమ కంకులు పట్టుకున్న దేవత ఉండేది.

"ఆవిడకేం తక్కువైందట?" అంది కెజయా.

"ఆవిణ్ని ఎవరు చూశారు? నన్నయితే ఊరంతా ఎరుగుదురు."

"ఎరుగుదురు. అందుకే అడుగుతున్నా."

సిన్సినాటిలో నోట్ల అచ్చులు చెక్కే లిండావర్ చూసింది చూసినట్టు చెక్కాడు. బట్టతల, వంకాయలాంటి ముక్కు, మెడను మింగేసిన దవడలు. నమూనా చూడగానే ప్రూయిట్‌కు ఒళ్లు మండింది.

"జుట్టు పెట్టు."

"ఎక్కడండీ?"

"ఉండాల్సిన చోట. ముక్కు సగానికి తగ్గించు. మెడ కనపడాలి."

"అప్పుడది మీరు కాదండీ."

"కింద నా పేరుంటుందిగా. చదివినవాడు నమ్మక చస్తాడా?"

లిండావర్ ఇంకో అచ్చు పలక చెక్కి, మొదటిదాన్ని కరిగించకుండా మూలన పడేశాడు. దాన్ని ఎవడో ఎత్తుకుపోయాడు.

కొత్త నోట్లు ఊళ్లోకి వచ్చాయి. వాటి మీద ఉంగరాల జుట్టుతో ప్రూయిట్ పెళ్లికొడుకులా ఉన్నాడు. కొన్నాళ్లకు బట్టతల నోట్లూ వచ్చాయి. అక్షరాలు అవే, సంతకం అదే. కిరాణా కొట్టు గల్లాపెట్టెలో రెండూ పక్కపక్కనే చేరాయి. గుడ్లు అమ్మడానికొచ్చిన హార్న్‌బెక్ అనే ముసలామె, కొట్టతను ఇచ్చిన నోటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ కుర్రాడెవడు?"

"ప్రూయిట్ గారేనమ్మా. కింద రాసుంది."

"నాకు కళ్లున్నాయి నాయనా. ఆ రెండోది ఇవ్వు. దానికి పోలికుంది."

మధ్యాహ్నానికల్లా జుట్టున్న నోట్లన్నీ దొంగవని ఊరంతా పాకిపోయింది. నోట్లు పట్టుకుని, బదులుగా బంగారం ఇమ్మంటూ జనం బ్యాంకు ముందు మూగారు. అందరికీ సరిపడా బంగారం లోపల లేదన్న సంగతి ప్రూయిట్‌కు తెలుసు. ఎవరో చూపించిన బట్టతల నోటును చూడగానే, అది తాను వద్దన్న పలకేనని కూడా తెలిసిపోయింది. జుట్టున్న నోటొకటి పైకెత్తి చూపించాడు.

"ఇదే అసలు నోటు."

"అందులో ఉన్నదెవరు?"

"నేను."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మరి మీలా ఉన్నదో?"

"అది దొంగది."

నవ్వులు ఆగిపోయాయి. వెనకనుంచి ఒక రాయి వచ్చి కిటికీ అద్దం పగిలింది. శాలువా కప్పుకున్న కెజయా జనాన్ని తోసుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది.

"చెప్పెయ్యండి. లేకపోతే సాయంత్రానికి మనకు ఇల్లుండదు."

ప్రూయిట్ టోపీ తీశాడు. జుట్టు ఎలా పెట్టించుకున్నదీ, ముక్కు ఎంత చెక్కించుకున్నదీ, వద్దన్న పలక దొంగల పాలైన సంగతీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. జనం నమ్మారు. తనను తాను ఇంత చిన్నబుచ్చుకునే అబద్ధం ఏ మనిషీ ఆడడని వాళ్లకు తెలుసు. జుట్టున్న నోట్లు మళ్లీ జేబుల్లోకి వెళ్లాయి. ప్రూయిట్ ఊపిరి పీల్చుకుంటుండగా హార్న్‌బెక్ ముసలామె తన నోటు చాపింది.

"ఈ పలకా మీరు చెక్కించిందేనన్నారు గదా?"

"అన్నాను, కానీ..."

"మొహం మీది, పేరు మీది, పలక మీది. బంగారం ఇప్పించండి."

బట్టతల నోట్లున్న వాళ్లంతా ఆమె వెనక బారు తీరారు. కాదనడానికి ప్రూయిట్ నోరు తెరిచాడు గానీ, పగిలిన అద్దం చూసి మూసుకున్నాడు. ఆ దొంగనోట్లన్నీ చెల్లించేసరికి అతని గుర్రబ్బండీ పోయింది, ఏటి ఒడ్డు పొలమూ పోయింది.

మరుసటి ఏడు బ్యాంకు తన నోటు మీద ఆవు బొమ్మ వేయించింది. కొమ్ములు కాస్త తగ్గించమని ఆ ఆవు ఎవరినీ అడగలేదు.