కుర్చీ దిగని బొంగరం

ఆ ఉదయం అమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతురికి టిఫిను పెట్టాలి, మాత్ర వెయ్యాలి, ఎనిమిదింటికల్లా బడికి పంపాలి. పిల్లకి ఏడేళ్ళు. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి ఇంట్లో అందరూ బొంగరం అంటారు. కుదురు కోసం డాక్టరమ్మ పది రోజుల క్రితం మందు రాసి, తీపి తగ్గించమని, మాత్ర వేయగానే ఫ్రిజ్ మీది కాగితంలో టిక్కు పెట్టమని చెప్పింది.

టిఫిన్ డబ్బా సర్దుతూ అమ్మ ఆ కాగితం వైపు చూసింది. ఆ రోజు గడిలో మూడు టిక్కులున్నాయి!

"ఏమండీ, మాత్ర మీరూ వేశారా?"

"వేశానుగా! బ్రెడ్డులో పెట్టి ఇచ్చాను," అన్నాడు నాన్న గర్వంగా.

"అయ్యో, నేను అరటిపండులో పెట్టి ఇచ్చానురా!" అంది నానమ్మ.

"నేను పొద్దున్నే నీళ్ళతో వేశానత్తయ్యా!"

ఎవరి టిక్కు వాళ్ళు పెట్టారు గానీ, పక్కన ఇంకొకటి ఉందేమోనని చూసిన పుణ్యాత్ములు లేరు. ముగ్గురూ హాల్లోకి పరుగెత్తారు. బొంగరం ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా, మెదలకుండా కూర్చుని ఉంది. ఆ ఇంట్లో అలాంటి దృశ్యం ఎన్నడూ ఎవరూ చూడలేదు. మందు సీసా కోసం నాన్న ఇల్లంతా వెతికితే అదీ లేదు.

"సీసా అంతా మింగేసిందండీ!" అని అమ్మ బావురుమంది.

"లేమ్మా, డాక్టరు దగ్గరకి వెళ్దాం," అన్నాడు నాన్న కూతురితో.

"నేను లేవను."

ఎంత లాగినా పిల్ల కుర్చీ వదల్లేదు. నాన్న కుర్చీతో సహా ఎత్తుకుని వీధి చివరి క్లినిక్కుకి పరుగు తీశాడు. వెనక అమ్మ. ఆ వెనక ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కొడుకు చెప్పు వేసుకుని నానమ్మ.

"డాక్టరుగారూ, మూడు మాత్రలు! సీసా కూడా!" అంది అమ్మ.

"బ్రెడ్డుకి జామ్ కూడా రాశానండీ," అని నాన్న చెమటలు కక్కుతూ ఒప్పుకున్నాడు. అంత ఏడుపులోనూ అమ్మ అతన్ని ఒక చూపు చూసింది.

డాక్టరమ్మ గబగబా పిల్ల నాడి, కళ్ళు చూసింది. "ఎన్ని మింగావమ్మా?"

"ఒకటే. రోజుకి ఒకటే అని మీరేగా చెప్పారు." బొంగరం జేబులోంచి జామ్ అంటిన మాత్ర ఒకటి, అరటిపండు అంటిన మాత్ర ఒకటి తీసి బల్లమీద పెట్టింది. అప్పుడు లేచి నిలబడింది. కుర్చీలో మందు సీసా ఉంది. "ఇంకెవరైనా నాలుగోది తెస్తారేమోనని దీనిమీద కూర్చున్నా."

అమ్మ కూతుర్ని గట్టిగా హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ పెద్దవాళ్ళు ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, మందు ఎవరు వెయ్యాలో, ఎక్కడ దాచాలో మళ్ళీ మొదటినుంచి చెప్పింది. సగంలో నాన్న ఫోను చూసుకున్నాడు. నానమ్మ కాళ్ళవైపు చూసుకుని ఉలిక్కిపడింది. జామ్ ఎక్కడ దాచారో చెప్పమని అమ్మ నాన్నని గిల్లింది.

ఈసారి కూడా చివరిదాకా విన్నది బొంగరం ఒక్కతే.