ఒరిగిన పిరమిడ్

ఆ ఉదయం కూతురు వేసుకున్న లెక్క తేలికైనదే. కాలేజీ గదులకు మరమ్మతులు జరుగుతున్నాయి కనుక ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాఠం ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చెప్పాలి. డిపార్టుమెంటు పెద్దాయన తన ఇంట్లో కూర్చుని ఆ పాఠం చూస్తాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంతటితో సరి.

అమ్మ లేచినప్పటి నుంచే, కరెంటు పోతుందేమో, పిల్లకు గొంతు పట్టేస్తుందేమో, పెద్దాయన ఇంట్లో ఎవరితోనో పోట్లాడి ఆ కోపం దీని మీద తీర్చుకుంటాడేమో అని వరసగా భయపడుతూ వచ్చింది. అసలు జరగబోయేది మాత్రం ఆ వరసలో లేదు.

కూతురు టచ్ స్క్రీన్ మీద పిరమిడ్ బొమ్మ తెరిచింది. వేలితో తోస్తే తిరిగే బొమ్మ అది. ఎవరు తిప్పినా క్లాసులో అందరి తెరల మీదా తిరుగుతుంది. దాన్ని ఒక అంచు మీద ఒరగబెట్టి, పిల్లలను గీస్తూ ఉండమని చెప్పి, చార్జరు కోసం లోపలికి వెళ్లింది.

మంచినీళ్లు పట్టుకొచ్చిన అమ్మ తెర వైపు చూసింది. అంత వస్తువు ఒక్క అంచు మీద ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంది. బల్ల చివర గ్లాసు కనిపిస్తే లోపలికి జరపకుండా ఉండలేని చెయ్యి ఆమెది. ఒక్క వేలితో మెల్లగా నిలబెట్టింది.

కూతురు తిరిగొచ్చేసరికి పిల్లలు గోల పెడుతున్నారు. సగం గీశాక పిరమిడ్ లేచి నిలబడిందట. కూతురు తల్లి వైపు తిరిగింది.

"పడిపోతోందే తల్లీ. చూస్తూ ఊరుకోమంటావా?"

"అది బొమ్మమ్మా, పడదు. దాన్ని అలాగే గీయాలి."

"అలా గీయించడమెందుకు, సరిగ్గా నిలబెట్టి గీయించరాదూ?"

కూతురు మళ్లీ ఒరగబెట్టింది. అది మళ్లీ లేచింది. అమ్మను గోడ దగ్గరికి పంపి ఒరగబెడితే ఈసారి ఏకంగా తలకిందులైంది. ఒక పిల్ల కాగితం చింపేసింది. ఇంకొకడు, మేడమ్, పిరమిడ్‌కు ఒంట్లో బాగాలేదేమో అన్నాడు. గత్యంతరం లేక కూతురు, అది ఎలా తిరిగితే అలాగే, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో, ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో గీయమంది. అలా గీయిస్తూ, మైకు తెరిచి ఉందన్న సంగతి మరిచి వెనక్కి తిరిగింది.

"అమ్మా, నీకు దండం పెడతాను. ఇంకొక్కసారి చెయ్యి పెట్టావంటే నా ఉద్యోగం పోయినట్టే."

"నేనెక్కడ పెట్టానే? చేతులు కట్టుకుని గోడకు అతుక్కుపోయాను."

అప్పుడు పెద్దాయన గొంతు వినిపించింది.

"అమ్మగారిని ఏమీ అనకమ్మా. ఆ చెయ్యి నాది."

తిప్పితే తన తెర మీదే తిరుగుతుందనుకున్నాడట. ఏదో నొక్కరానిది నొక్కి తానే పడగొడుతున్నానని కంగారుపడి, పడిపోకుండా నిలబెడుతూ వచ్చాడట. జీవితమంతా బోర్డు మీద పాఠం చెప్పిన మనిషి. సుద్దముక్కతో గీసిన పిరమిడ్ ఎవరు ముట్టుకున్నా లేవదు మరి.

పిల్లల కాగితాలు తెప్పించుకుని చూస్తే, ఒరిగిందీ నిలబడిందీ తలకిందులైందీ అన్నీ సరిగ్గానే గీశారు. సాయంత్రానికల్లా ఉద్యోగం ఖాయమైంది. ఆ బొమ్మను ఎలా ముట్టుకోవాలో, ఎలా ముట్టుకోకూడదో తనకూ నేర్పమని పెద్దాయన ప్రత్యేకంగా అడిగాడు.

వచ్చే వారం పాఠం సిలిండర్ మీద అని తెలిసి, అది దొర్లిపోతే ఎవరు పట్టుకుంటారా అని అమ్మ అప్పుడే బెంగ పెట్టుకుంది.