పదకొండో రీలు, నలభై ఒకటో నంబరు

ఆ ఉదయం ఆకాశంలో మబ్బుంది గాని, వానకు పనికొచ్చే మబ్బు కాదు. ఎ.కొండూరు వైపు నుంచి పలచగా వచ్చి, తిరువూరు మీద కాసేపు నిలబడి, ఎవరినో దారి అడగబోయి మొహమాటపడ్డ మనిషిలా పక్కకు తప్పుకుంది. ఆదిశేషయ్య అరుగు మీద కూర్చుని అది కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, గడ్డిలో మాగేసిన మామిడిపళ్ళలో ఇరవై ఏరి బుట్టలో పెట్టాడు.

"పొద్దున్నే బుట్ట ఎవరికి?" అంది మాణిక్యమ్మ.

"సారుకి."

"ఏ సారుకి?"

"పుస్తకం సారుకి."

మాణిక్యమ్మ ఇంకేమీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొగుడి చేత ఒక పూటకు నాలుగు మాటలకు మించి మాట్లాడించినప్పుడల్లా ఏదో ఒక అనర్థం జరిగిందని ఆమె అనుభవం.

పుస్తకం సారంటే కృపానందం. విశ్వవిద్యాలయం నుంచి వచ్చి వారమైంది. సినిమాలు, రేడియో, పత్రికలు జనం మీద ఎలా పనిచేస్తాయో చదివే చదువు ఒకటుందట. అందులో ఆయన 'కుటుంబ కథా చిత్రాలలో కన్నీరు' అనే అంశం తీసుకున్నాడు. తిరువూరులో సినిమా చూసేవాళ్ళకు కొదవ లేదు గాని, చూసేవాళ్ళను చూడటానికి ఒకడు రావడం అదే మొదలు.

ఆయన పద్ధతి తేలికైనది. టూరింగు టాకీసులో మిషను ఒక్కటే. ఒక రీలు అయ్యాక ఇంకో రీలు ఎక్కించేదాకా దీపాలు వేస్తారు. కృపానందం గేటు దగ్గరే అందరికీ నంబరు చీటీలు ఇచ్చి, వయసు, పొలం, ఇంట్లో రేడియో ఉందా, నెలకెన్ని సినిమాలు చూస్తారు అన్నీ రాసుకునేవాడు. దీపం వెలగ్గానే బెంచీల మధ్య నడుస్తూ, ఎవరి కళ్ళు తడిగా ఉన్నాయో చూసి, వాళ్ళ నంబరుకు ఎదురుగా ఆ రీలు నంబరు వేసుకునేవాడు.

ముందు రోజు మొదటి ఆటలో ఆదిశేషయ్య గుంజ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. చీటీ నంబరు నలభై ఒకటి. పది రీళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పదకొండో రీలులో చెల్లెలు అన్న ఇంటికి వచ్చింది. అన్న తలుపు వేసేశాడు. తెచ్చిన మూట గుమ్మం ముందు పెట్టి ఆ పిల్ల వెనక్కి నడిచింది. ఆదిశేషయ్యకు తెర మసకబారింది. దీపం వేయడానికి ఆపరేటరు ఎప్పుడూ కొంచెం బద్ధకిస్తాడు కదా, ఈలోగా కండువాతో తుడుచుకోవచ్చు అనుకున్నాడు. ఆ రోజు ఆపరేటరు బద్ధకించలేదు. దీపం వెలిగేసరికి కండువా ఇంకా భుజం మీదే ఉంది. కృపానందం ఎదురుగా ఉన్నాడు. చూశాడు, రాశాడు, ముందుకు నడిచాడు.

ఆదిశేషయ్య కళ్ళలో నీళ్ళు ఎవరూ చూసి ఎరగరు. తండ్రి శవం వాకిట్లో ఉండగా, ఎర్రెద్దుకు కుడితి పెట్టారా లేదా అని అడిగిన మనిషి. కానీ ఆయన బాధ ఆ పేరు పోతుందని కాదు. వినగడపలో ఆయనకు ఒక్కతే చెల్లెలు, సీతారావమ్మ. ఎనిమిదేళ్ళ కిందట మేనల్లుడి పుట్టువెంట్రుకల విందుకు ఆదిశేషయ్య తన రెడ్డిగూడెం తోట రసాలు బండెడు తోలుకెళ్ళాడు. చెల్లెలి మొగుడు వెంకటప్పయ్య ఒక పండు చీకి, నలభై మంది వింటుండగా, "బావా, రసం తక్కువ, పీచెక్కువ" అన్నాడు. ఆదిశేషయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. మీ గుమ్మం నేను తొక్కను, నా గుమ్మం మీరు తొక్కొద్దు అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది కాపులు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఇప్పుడు చెల్లెలి కథకు ఏడ్చాడని తెలిస్తే, ఎనిమిదేళ్ళ పంతం పదకొండో రీలులో కలిసిపోతుంది.

పైగా అది పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకాల సంగతి ఆదిశేషయ్యకు తెలుసు. పూర్వం ఒక కరణం అడంగల్లో, ఆయన మెరక చేలో రెండు తాడిచెట్లు ఉన్నట్టు రాశాడు. చేలో తాళ్ళు లేవు. లేని తాళ్ళను పుస్తకంలోంచి కొట్టేయించడానికి పదకొండేళ్ళు, ముగ్గురు కరణాలు పట్టారు. అదే మొదటి రోజే బుట్టతో వెళ్ళి ఉంటే సరిపోయేదని ఆయన అప్పుడే నేర్చుకున్నాడు.

కృపానందం బస టాకీసు పక్క గదిలోనే. గదికి తాళం వేసి ఉంది. టాకీసు మేనేజరు అంకారావు వేపపుల్ల నములుతూ ఎదురొచ్చాడు.

"సారు లేడండి. రేడియో వినేవాళ్ళని అడగాలని మొదటి బస్సుకి ఎ.కొండూరు వెళ్ళాడు. మధ్యాహ్నానికి వస్తాడు. ఏంటండి విషయం?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే బుట్టెడు రసాలు మోసుకొచ్చారా?"

"పుస్తకంలో ఒక నంబరు దగ్గర తప్పు పడింది. కొట్టేయించాలి."

"ఏ నంబరండి?"

ఆదిశేషయ్య బొడ్లోంచి చీటీ తీసి చూపించాడు.

"నలభై ఒకటి. దీని దగ్గర ఏం పడిందండి?"

ఆదిశేషయ్య డేరా వంక చూశాడు. దాని మోకుల వంక చూశాడు. చివరికి, "పదకొండో రీలు" అన్నాడు.

అంకారావు నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. "అయ్యబాబోయ్! మీరా?"

"నెమ్మది."

"చెప్పనండి. ఒట్టు. మా ఆవిడ మీద ఒట్టు. మీ పేరు నా నోటంట రాదు."

అంకారావు ఒట్టు తప్పే మనిషి కాదు. కానీ ముందు రోజు మొదటి ఆటకు అరవై మందే వచ్చారు, డేరా నిండాలంటే ఏదో ఒక చాటింపు కావాలి.

ఆ రోజు సంత. ఆదిశేషయ్య బుట్టతో బస్టాండులో టీ కొట్టు బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం కోసం కాచుకున్నాడు. ఎదురుగా వినగడప వెళ్ళే బస్సు నిండా జనంతో నిలబడి ఉంది. అంతలో టాకీసు వాళ్ళ ప్రచారం బండి వచ్చింది. బండి మీద లౌడుస్పీకరు, దాని కింద మైకు పట్టుకుని జోజప్ప.

"రండి! చూడండి! కన్నతండ్రి పోయిన రోజున కూడా కంట తడి పెట్టని పెద్దమనిషి, మన ఊరి పెద్దమనిషి, నిన్న మొదటి ఆటలో పదకొండో రీలుకి భోరున ఏడ్చిన మహత్తర కుటుంబ గాథ! విశ్వవిద్యాలయం వారు స్వయంగా పుస్తకంలో రాసుకున్నారు! పేరు చెప్పం! నేల, బెంచీ, కుర్చీ!"

బస్టాండులో బేరాలు ఆగాయి.

"ఎవరంటావ్?" అన్నాడు టీ కొట్టు అంతోనయ్య.

"మునసబుగారేమో," అన్నారెవరో.

"ఆయన ప్రతి రీలుకీ ఏడుస్తాడు. దానికి మైకెందుకు?"

జోజప్ప రెండో చుట్టు తిరిగాడు. జనం ఆసక్తి చూసి కొంచెం వివరం కలిపాడు. "పేరు చెప్పం! గుంజ పక్క బెంచీ! భుజాన ఆకుపచ్చ అంచు కండువా! రెడ్డిగూడెంలో మామిడితోట! పేరు మాత్రం చచ్చినా చెప్పం!"

అంతోనయ్య మెల్లగా తల తిప్పి, ఆదిశేషయ్య భుజం మీది ఆకుపచ్చ అంచును చూశాడు. ఆదిశేషయ్య కండువా తీసి బుట్టలో మామిడిపళ్ళ మీద కప్పాడు. దానివల్ల జనం కండువాతో పాటు మామిడిపళ్ళు కూడా చూశారు.

ఆయన లేచి బండి దగ్గరికి నడిచాడు. "ఆపు" అన్నాడు.

జోజప్ప గౌరవంగా మైకు నోటి దగ్గర్నుంచి దించి, ఛాతీ దగ్గర పట్టుకున్నాడు. కట్టేయాలని తోచలేదు. "ఏంటయ్యా?"

"ఎవరు చెప్పారు నీకు నా పేరు?"

"మీ పేరు ఎవరూ చెప్పలేదయ్యా. పెద్దమనిషి అన్నారు, బెంచీ, కండువా, తోట చెప్పారు, అంతే. మీరేనా అయ్యా?"

"నేను కాదు! నేను ఏడవలేదు! సీతారావమ్మ కోసం నేనెందుకు ఏడుస్తాను?"

అచ్చం తన గొంతు లాంటి గొంతే సంత మీదుగా పోయి, తాలూకా ఆఫీసు గోడకు కొట్టుకుని, సీతారావమ్మ కోసం నేనెందుకు ఏడుస్తాను అని తననే అడగడం ఆదిశేషయ్య విన్నాడు. ఎవడా అని తల ఎత్తి చూశాడు. లౌడుస్పీకరు కనిపించింది.

వినగడప బస్సులో ఉన్న తలలన్నీ కిటికీల్లోంచి బయటికి వచ్చాయి. కండక్టరు శాంతయ్య ఒక్క క్షణం ఆలోచించి, "రైట్" అన్నాడు. ఆ బస్సు వేళకంటే ఐదు నిమిషాలు ముందు బయల్దేరడం ఆ ఏడాది అదే మొదలు.

ఆదిశేషయ్య బుట్టతో ఇంటికి వచ్చాడు. మాణిక్యమ్మ పొయ్యి ముందు ఉంది.

"మైకులో మీ గొంతు బాగుంది," అంది.

"ఇక్కడిదాకా వినబడిందా?"

"రెండుసార్లు. రెండోది గోడకి కొట్టుకుని వచ్చింది."

ఆయన గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి చాట వంక చూసి, "అన్ని బియ్యం ఎవరికి?" అన్నాడు.

"వినగడప నుంచి మధ్యాహ్నం బస్సుందిగా," అంది మాణిక్యమ్మ.

బస్సుకంటే ముందు కృపానందం వచ్చాడు. ఎ.కొండూరు నుంచి దిగీ దిగగానే సంగతి విని, అద్దె సైకిలు తొక్కుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు. చంకలో పొడుగాటి పుస్తకం.

"క్షమించాలండి ఆదిశేషయ్యగారూ. నా పరిశోధన వల్ల మీకు ఇంత అల్లరి అయింది. కానీ అసలు ఎందుకు ఇలా జరిగిందో నాకు అర్థం కావట్లేదు." పుస్తకం తెరిచి వేలితో వెతికాడు. "ఇదిగోండి. నలభై ఒకటి. వయసు యాభై ఐదు. పొలం పన్నెండెకరాలు. రేడియో ఉంది. సినిమా నెలకొకటి. పదకొండో రీలు, కళ్ళు తడి. పక్క మనిషి చుట్ట కాలుస్తున్నాడు. పొగ. లెక్కలోకి రాదు."

"మళ్ళీ చదువు బాబూ."

"పొగ. లెక్కలోకి రాదు."

"అంటే?"

"అంటే మీరు ఏడ్చినట్టు నేను రాయలేదండి. చుట్ట పొగ దగ్గరలో ఉంటే ఆ కన్నీరు వదిలేయాలి. మా పద్ధతి అంతే."

ఆదిశేషయ్య ఆలోచించాడు. నిన్న సాయంత్రం తన పరువు ఆ పుస్తకంలో భద్రంగా ఉంది. ఉదయం తానే బుట్ట పట్టుకుని బయల్దేరి, మధ్యాహ్నం కాకముందే దాన్ని వినగడపదాకా చేర్చాడు.

"అయితే ఒకటి తేలాలండి," అన్నాడు కృపానందం. జేబులోంచి పెన్ను తీశాడు. "మైకులో విన్నది వేరు, నేను రాసింది వేరు. రెండూ ఉండటానికి వీల్లేదు. మీ నోటితో చెబితే అదే ఖాయం చేస్తాను. పొగా, కాదా?"

అప్పుడే గుమ్మం బయట చెప్పుల చప్పుడు ఆగింది. సీతారావమ్మ. చేతిలో గుడ్డసంచి, మొహం నిండా బస్సు దుమ్ము. ఎనిమిదేళ్ళలో జుట్టు సగం నెరిసింది. గడపకు జానెడు అవతలే చెప్పులు విడిచి నిలబడి, అడుగు లోపల పెట్టకుండా, సారునూ, పెన్నునూ, అన్ననూ చూసింది. బస్సులో ఊరంతా చెప్పింది ఆమెకు. ఇప్పుడు ఈ ప్రశ్న కూడా వింది.

ఆదిశేషయ్య నోరు విప్పేలోగా ఆమే అంది.

"పొగే అయ్యుంటుంది సారూ. మా అన్నయ్య ఏడవడు. చుట్ట వాసన చిన్నప్పట్నుంచీ పడదు ఆయనకి."

అని, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఇదే బస్సు మళ్ళీ పోతుందట. నేను వెళతా వదినా," అంటూ చెప్పు కోసం వెనక్కి కాలు పెట్టింది.

మాణిక్యమ్మ మొగుడి వంక చూడలేదు. చెంబు నిండా నీళ్ళు ముంచి గుమ్మం పక్కన పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

"రాసుకో," అన్నాడు ఆదిశేషయ్య.

"ఏమనండి?"

"పొగ కాదని."

కృపానందం రాశాడు. ఆదిశేషయ్య గుమ్మం వైపు తిరిగాడు. చెప్పు కాలికి దొరక్క సీతారావమ్మ ఇంకా అక్కడే తడుముతోంది.

"ఎంతసేపు అట్లా నుంచుంటావే? కాళ్ళు కడుక్కో. బావ రాలేదా?"

"ఆయన సాయంత్రం బస్సుకి వస్తానన్నాడు," అంది చెల్లెలు. "ముందు నన్ను చూసి రమ్మన్నాడు."

ఆదిశేషయ్య పుస్తకంలోకి వంగి చూశాడు. పొగ అన్న మాట మీద గీత, పక్కన కొత్త రాత ఉన్నాయి. ఆయనకు తృప్తి కలగలేదు. "దిద్దిన చోట సంతకం ఉండాలి. లేకపోతే రేపు ఇంకో సారు వచ్చి మళ్ళీ పొగ అంటాడు," అని పెన్ను తీసుకుని, గీత పక్కన పొలం కాగితాల మీద పెట్టినట్టే ఇంటిపేరుతో సహా సంతకం చేశాడు.

మాణిక్యమ్మ నాలుగు విస్తళ్ళు వేసింది. కృపానందం వద్దంటే వినలేదు. పప్పు, గోంగూర, మజ్జిగ పులుసు. నలుగురూ తిన్నారు. చివర్లో మాణిక్యమ్మ పొద్దున్నుంచి ఊరంతా తిరిగొచ్చిన బుట్టను మధ్యలో పెట్టింది. సీతారావమ్మ ఒక పండు తీసుకుని మెత్తగా పిసికి చీకింది. పళ్ళ సందుల్లోంచి పీచు తీసి విస్తరి అంచున పెట్టింది. ఇంకో పోగు తీసి దాని పక్కన పెట్టింది. ఆదిశేషయ్య ఆ పోగుల్ని చూశాడు, తన పంట్లో ఇరుక్కున్నదాన్ని నాలికతో తడిమాడు. ఆమె రెండో పండు తీసుకుంది.

అన్నాచెల్లెళ్ళ కళ్ళు తడిగా ఉన్నాయి. చుట్టుపక్కల చుట్ట కాల్చేవాళ్ళెవరూ లేరు గాని, రాసుకోవడానికి కృపానందం కుడిచెయ్యి ఖాళీగా లేదు.