నర్సుగారి కారులో టిక్‌టిక్

షెడ్డు గోడకున్న నల్లబోర్డు మీద కూతురు ఆ రోజు పనంతా సుద్దముక్కతో రాసిపెట్టింది. తొమ్మిదికల్లా నర్సుగారి కారుకి ఏ రాకర్ ఆర్మ్స్ వెయ్యాలో తేల్చాలి, ఒంటిగంటకి బిగించాలి, నాలుగింటికి బండి అప్పజెప్పాలి. నర్సుగారు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందులూ ఇంజెక్షన్లూ ఇచ్చి వచ్చే మనిషి. అయిదింటికి ఒక ముసలాయన ఆమె సూది కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. కాబట్టి నాలుగంటే నాలుగే.

షెడ్డు తాళాలు నాన్న చేతిలోంచి కూతురి చేతికి వచ్చి ఇంకా నెల కాలేదు. ముప్పై రెండేళ్ళు నడిపిన మనిషి, "ఇకనుంచి నీ మాటే తల్లీ" అని తాళాలిచ్చాడు. ఇచ్చిన రోజు నుంచీ నోరు కట్టుకోవడానికి ఆయన పడుతున్న పాట్లు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది.

ముందురోజు నర్సుగారు "ఇంజను టిక్‌టిక్‌మంటోందండీ" అనగానే ఆయన అలవాటు చొప్పున పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజను మీద, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, "రాకర్ ఆర్మ్స్ అరిగాయి" అని తేల్చేశాడు. ఇంజను తలలో ఉయ్యాలబల్లల్లా ఊగుతూ వాల్వులను నొక్కే చిన్న ఇనుప ముక్కలవి. ఆ కారులో ఎనిమిది ఉంటాయి. నాన్న చెవి ఏనాడూ తప్పలేదు కనుక కూతురు మారు మాట్లాడలేదు. పేచీ అంతా వాటి బదులు ఏవి వెయ్యాలన్న దగ్గరే వచ్చింది.

"పాతవే బాగుచేయిద్దాం," అన్నాడు నాన్న పొద్దున్నే. "కంపెనీ ఇనుము అది. అరిగిన చోట లోహం నింపి సానబట్టిస్తే ఇంకో పదేళ్ళు చూడక్కర్లేదు. బయటి కంపెనీలవి పైకి మెరుపే. ఆర్నెల్లకి పొర లేచిపోతుంది."

"అది ఎప్పటి మాటో నాన్నా. ఇప్పుడు వాళ్ళూ బాగా చేస్తున్నారు. పెట్టె విప్పి బిగించుకోవడమే. బాగుచేయించాలంటే ఒరిజినల్ బాబాయ్ రెండు రోజులు తిప్పుతాడు."

ఒరిజినల్ బాబాయ్ పక్క వీధిలో పాత విడిభాగాలు బాగుచేసే పెద్దాయన. ఎవరింట్లో టీ తాగినా "ఇది ఒరిజినల్ ఆకు కాదు" అనడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది.

"సరే, నీ ఇష్టం," అన్నాడు నాన్న.

"లేదులే, నీ ఇష్టమే కానీ," అంది కూతురు.

ఆ ఇంట్లో "నీ ఇష్టం" అన్న మాటకి అర్థం అది కాదు. ఇద్దరూ చెరో వైపు తిరిగి టిఫిను కానిచ్చారు.

అమ్మకి ప్రాణం ఉసూరుమంది. కూతురు చెయ్యి కడుక్కుంటుంటే వెనకే వెళ్ళి, "ఈ ఒక్కసారికి నాన్న మాట వినవే. తాళాలిచ్చినప్పటి నుంచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తిరుగుతున్నారు," అంది. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి భర్తతో, "ఈ ఒక్కసారికి దాని మాట వినండి. మీ ముందు ఎక్కడ తప్పు చేస్తానోనని పిల్ల బెంగపెట్టుకుంది," అంది. మాట రెండు చోట్లా పనిచేసింది. పనిచేసినట్టు ఆమెకి గానీ, ఒకరి సంగతి ఒకరికి గానీ తెలియకపోవడమే చిక్కు తెచ్చిపెట్టింది.

నాన్న చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాక కూతురు గబగబా ఇంజను మూత విప్పి, ఎనిమిదింటినీ ఊడదీసి, సంచిలో వేసుకుని బాబాయ్ దగ్గరికి పరిగెత్తింది.

"రెండు రోజులు పడుతుందమ్మాయ్," అన్నాడు బాబాయ్. "అంత తొందరైతే ఇదే మోడల్ సెట్టు ఒకటి బాగుచేసి ఉంచాను. నీవి ఇక్కడ పెట్టి అవి పట్టుకెళ్ళు. ఒరిజినల్."

నూనె తుడిచి, ఒక్కొక్కటే కాగితంలో చుట్టి ఇచ్చేసరికి గంటన్నర పట్టింది.

ఈలోగా నాన్న స్పేర్‌పార్ట్‌ల షాపు నుంచి బయటి కంపెనీ సెట్టు చంకలో పెట్టుకుని షెడ్డుకి తిరిగొచ్చాడు. కూతురు వచ్చేలోగా బిగించేసి ఆశ్చర్యపరుద్దామని ఆయన ఆలోచన. చూస్తే ఇంజను బోసిగా ఉంది. పాతవాటిని పారేసినట్టుంది, ఇంత పట్టుదలేమిటి పిల్లకి అని మనసు చివుక్కుమన్నా, ఇచ్చిన మాట గుర్తొచ్చి కొత్తవి బిగించాడు. స్టార్ట్ చేసి చూస్తే చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. "నెగ్గింది పిల్ల," అనుకుంటూ భోజనానికి మేడెక్కాడు.

కూతురు వచ్చి మూత తీసేసరికి ఎనిమిది కొత్త రాకర్ ఆర్మ్స్ తళతళలాడుతూ కనిపించాయి. తన కోసం నాన్న పంతం వదులుకున్నాడని అర్థమై కళ్ళు చెమర్చాయి. ఆయన అంత పని చేస్తే తను ఊరుకుంటుందా? కొత్తవి ఊడదీసి బాబాయ్ సెట్టు బిగించి, ఇంజను స్టార్ట్ చేసింది.

టిక్‌టిక్.

నాన్న ఏరి చెప్పిన సరుకు పనికిరాదని బయటపడితే ఆయన ముఖం ఏమవుతుంది? అన్నం సంగతి మరచిపోయి, అవి తీసేసి మళ్ళీ కొత్తవే బిగించింది.

టిక్‌టిక్.

అప్పటికి మూడుంపావు. బోనెట్ ముందు చతికిలబడి కూర్చున్న కూతురి పక్కకి నాన్న వచ్చి నిలబడి, నడుస్తున్న ఇంజనుని ముచ్చటగా చూశాడు.

"చూశావా, నువ్వు చెప్పినవే మంచివి. ఎంత నిశ్శబ్దంగా ఉందో."

కూతురు ఆయన ముఖంలోకి చూసింది. వెక్కిరింత లేదు, ఓదార్పూ కాదు. ఆయన నిజంగానే ఆ నిశ్శబ్దాన్ని వింటున్నాడు.

సరిగ్గా అప్పుడే నర్సుగారు ఆటో దిగి లోపలికి వచ్చింది. "అయ్యో, టిక్‌టిక్ అలాగే ఉందే."

"ఎక్కడ సిస్టర్‌గారూ?" అన్నాడు నాన్న.

ఆమె ఆయనకేసి ఒక క్షణం, కూతురికేసి ఒక క్షణం చూసింది. రోజూ ముసలివాళ్ళ మధ్య తిరిగే మనిషికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. సంచిలోంచి స్టెతస్కోప్ తీసి, "అన్నయ్యగారూ, ఒకసారి దీంతో వినండి. మీ స్క్రూడ్రైవర్ కంటే సుఖంగా ఉంటుంది," అని ఆయన చెవుల్లో తనే పెట్టింది.

బిళ్ళని ఇంజను మీద పెట్టగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఎన్నాళ్ళుగానో కనబడని మనిషి వీధి మలుపులో ఎదురైనట్టుంది ఆ ముఖం. కాసేపు ఊరికే వింటూ నిలబడ్డాడు. తర్వాత బిళ్ళని పైనుంచి పక్కకి, పక్కనుంచి కిందికి జరుపుతూ వెళ్ళాడు.

"రాకర్ ఆర్మ్స్ కాదమ్మా ఇది," అన్నాడు నెమ్మదిగా. "కిందనుంచి వస్తోంది. పదో నంబరు పానా ఇలా ఇవ్వు."

టిక్‌టిక్‌మంటున్నది పొగ గొట్టం వేడి పైకి తగలకుండా కప్పిన రేకు. దాని బోల్టు వదులైంది. ముప్పావు చుట్టు తిప్పాడు. టిక్‌టిక్ ఆగిపోయింది. నర్సుగారు నాలుగు కొట్టకముందే వెళ్ళిపోయింది.

నాన్న పానాని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. "ఏడాది నుంచి సన్న చప్పుళ్ళు అందడం లేదమ్మా. ఆవిడ టిక్‌టిక్ అంది కదా, మామూలుగా అవే కదా అని అనేశాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

"నేను మాత్రం? విప్పినవాటిని ఒక్కసారైనా తిప్పి చూశానా? నువ్వన్నావని సంచిలో వేసుకుని పరిగెత్తాను," అంది కూతురు, ఆయన నూనె చేతిని తన నూనె చేతిలోకి తీసుకుని.

అంతలో బాబాయ్ ఫోను చేశాడు. "అమ్మాయ్, నువ్విచ్చినవి ఒక్కటీ అరగలేదే. ఒరిజినల్ అంటే అదీ. శుభ్రం చేసి ఒక టాక్సీకి బిగించి పంపేశాను."

పదిరోజులకి నాన్న చెవిలోకి చిన్న యంత్రం వచ్చింది. అది పెట్టుకుని మధ్యాహ్నం నడుం వాల్చిన మనిషి చటుక్కున లేచి కూర్చున్నాడు.

"ఈ ఫ్యాను ఎప్పటినుంచి కీచుమంటోంది?"

"ఏడాది నుంచి. రోజూ చెబుతూనే ఉన్నాను," అంది అమ్మ. "జవాబు చెప్పడం మీకు ఇష్టం లేదేమోనని ఈమధ్యే మానేశాను."

ఆయన ఆమె పక్కకి జరిగి కూర్చుని, "మళ్ళీ మొదటినుంచి చెప్పు, అన్నీ," అన్నాడు.

సాయంత్రం ఫ్యాను కింద కుర్చీ వేసుకుని చెవి ఒగ్గి, అది బేరింగు చప్పుడని తేల్చాడు. కూతురు ఈసారి ముందు విప్పి చూసింది; బేరింగే.